రీత్ రెండు రోజులకే వాడిపోతోందా? లోపం కట్టడంలో కంటే కోయడంలోనే ఎక్కువ

మీ సమస్య నాకు అర్థమైనంతవరకూ ఇదీ. పెరట్లో కోసిన పచ్చి ఆకులతో తలుపుకు వేలాడదీసే గుండ్రటి రీత్ కట్టారు. కట్టిన సాయంత్రం బ్రహ్మాండంగా ఉంది. మర్నాటికి కొమ్మలు తలలు వాల్చేశాయి. మూడో రోజుకు ఒక పక్క జారి లోపలి చట్రం బయటపడింది. రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించినా లాభం లేకపోయింది. తడి ఫోమ్ రింగు (కొమ్మలు గుచ్చే, నీటిని పీల్చుకునే స్పాంజి లాంటి చక్రం) కొంటే బాగుపడుతుందా, కట్టే పద్ధతి మార్చాలా, అసలు అన్ని కాలాల్లోనూ ఇంటి ఆకులతో రీత్ కట్టడం కుదురుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను పదిహేనేళ్లుగా కడుతున్నాను. మీరు కట్టే తీరులో కూడా ఒక లోపం ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను. కానీ మీ రీత్ బల్ల మీద పాడవలేదు, చెట్టు దగ్గరే పాడైంది.

నా మొదటి రీత్ కథా ఇదే. లేత చిగుళ్లు నిగనిగలాడుతుంటే ఆశపడి ఏరి ఏరి అవే కోశాను. మిట్టమధ్యాహ్నం కోశాను, కోసిన వెంటనే కూర్చుని కట్టేశాను. రాత్రి చుట్టాలు వచ్చేసరికి ఉడికించిన ఆకుకూరలా వేలాడుతోంది. చేయకూడని మూడు పనులూ ఒకే రోజు చేశాను మరి.

చెట్టు నుంచి వేరుపడగానే కొమ్మకు నీళ్లు వచ్చే దారి తెగిపోతుంది. ఆకు మాత్రం పత్రరంధ్రాల గుండా, పైపొర గుండా నీటిని వదులుతూనే ఉంటుంది. ముదిరిన ఆకు మీద మైనపు పొర మందంగా ఉంటుంది, లోపల పీచు గట్టిపడి ఉంటుంది. అందుకే నీరు నెమ్మదిగా పోతుంది, పోయినా ఆకారం చెడదు. చిగురును నిలబెట్టేది లోపలున్న నీటి ఒత్తిడి ఒక్కటే. గాలి తగ్గిన బెలూన్ లాగా, ఆ నీరు కాస్త తగ్గితే చాలు, వాలిపోతుంది. చిగురు ఎంత అందంగా ఉన్నా రీత్‌కు పనికిరాదు. ముదురాకు పచ్చకు, వేలితో వంచితే స్ప్రింగులా వెనక్కి వచ్చే ఆకుకు అలవాటు పడండి.

మీ పెరట్లో ఏ చెట్లున్నాయో మీరు రాయలేదు. రాసినా, ఒకే జాతి ఆకు ఒక చోట వారం నిలిచి ఇంకో చోట రెండు రోజులకే పోవడం నేను చూశాను. అందుకని చెట్ల జాబితా కంటే ఒక పరీక్ష చెబుతాను. మీకు నచ్చిన ప్రతి మొక్క నుంచీ జానెడు కొమ్మ ఒకటి కోయండి. నీళ్లలో పెట్టకండి. ఇంట్లో ఎండ తగలని చోట గోడకు అడ్డంగా, రీత్‌లో కొమ్మ ఎలా ఉంటుందో అలా, ఒక కొస కట్టి వదిలేయండి. తలకిందులుగా వేలాడదీయవద్దు. అలా చేస్తే వాడిన కొమ్మ కూడా తిన్నగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది. మూడు రోజుల తర్వాత వచ్చి చూడండి.

కొన్ని కోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. తూజా, సైప్రస్, పైన్, జునిపర్, మాగ్నోలియా, బే లారెల్, ముదురు ఐవీ, ముదురు నీలగిరి ఈ రకం. మీ రీత్‌కు ముప్పాతిక భాగం ఇలాంటివే కావాలి. ఇంకొన్ని ఎండుతాయి, రంగు మారతాయి, కానీ ఆకారం చెడదు, ఆకు రాలదు. రోజ్‌మేరీ, లావెండర్, చాలా రకాల గడ్డి కంకులు, గింజకాయలున్న కొమ్మలు అలాంటివి. ఎండినా అందంగా ఉంటాయని తెలిసే వీటిని వాడతాం. ఆలివ్ ఆకూ అంతే. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో, శవపేటిక మీద ఆలివ్ ఆకులు, నీలం కార్న్‌ఫ్లవర్ పూలు కలిపి కట్టిన చిన్న దండ దొరికింది. మూడు వేల ఏళ్లు దాటినా అవి ఏ ఆకులో గుర్తుపట్టగలిగారు. మనకు మూడు వారాలు చాలు.

మిగిలినవి వాలిపోతాయి, ముడుచుకుపోతాయి, లేదా ముట్టుకుంటే రాలిపోతాయి. వేప లాగా ఒక ఈనెకు చిన్న ఆకులు వరుసగా ఉండే చెట్లు చాలావరకు ఇక్కడే తేలతాయి. మెత్తటి ఫెర్నులు, నీరు నిండిన కాడలున్న మొక్కలు సరేసరి. సరుగుడు మొదట్లో బాగానే ఉంటుంది గానీ ఎండాక కణుపు కణుపుకూ విరిగి గడప నిండా పడుతుంది. సూదాకుల చెట్లన్నీ ఒకటే అనుకోవద్దు. పైన్ సూదుల్ని పట్టి ఉంచుతుంది, స్ప్రూస్ వెచ్చటి గదిలో వారం తిరక్కుండానే రాల్చేస్తుంది.

ఈ పరీక్ష ఒక్క కాలంలో చేసి వదిలేస్తే చాలదు. వానల తర్వాత కొత్త చిగురు పెట్టిన చెట్టు పరీక్షలో తప్పుతుంది, అదే చెట్టు నాలుగు నెలలకు ముదిరి పాసవుతుంది. నేను ఒక నోట్‌బుక్‌లో చెట్టు పేరు, నెల, ఎన్ని రోజులు నిలిచిందీ రాసుకుంటాను. అన్ని కాలాల్లోనూ కుదురుతుందా అన్న మీ ప్రశ్నకు ఇదే నా జవాబు. కుదురుతుంది, కానీ ఏ కాలానికి ఏ ఆకు ముదిరి ఉంటే దానితోనే. చలికాలం అన్నిటికంటే సులువు, ఎందుకంటే ఎదుగుదల ఆగి ఆకులన్నీ గట్టిపడి ఉంటాయి. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి నీరూ నెమ్మదిగా పోతుంది. ఎండాకాలంలో పచ్చదనం కోసం పోరాడకండి. ఎండి నిలిచే కంకులు, సువాసన మొక్కలు వాడి, రీత్‌ను కావాలనే ఎండనివ్వండి. కొత్త చిగుళ్ల రోజుల్లో నేను పచ్చి రీత్ కట్టను. ఆ నెలల్లో తీగలు చుట్టి చట్రాలు చేసుకుంటాను.

ఇక కోత. తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ కోయండి. రాత్రంతా వేళ్లు నీరు తోడి పెట్టినందువల్ల తెల్లవారేసరికి కొమ్మ నిండుగా ఉంటుంది. ముందురోజు చెట్టుకు నీళ్లు పోస్తే ఇంకా మంచిది. సికేచర్ (కొమ్మలు కోసే తోట కత్తెర) పదునుగా ఉండాలి, మొద్దు కత్తెర కాడను నలిపేస్తుంది. బకెట్‌లో నీళ్లు పట్టుకుని చెట్టు దగ్గరకే వెళ్లండి. కోసిన కొమ్మను బుట్టలో వేసుకుని ఇంకో చెట్టు వెతుక్కుంటూ తిరిగితే ఆ అరగంటలో కాడ లోపలి గొట్టాల్లోకి గాలి దూరుతుంది.

ఇంటికి తెచ్చాక కాడ కింది నాలుగు వేళ్ల మేర ఆకులు దూసేయండి. కొస మరో రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, శుభ్రంగా కడిగిన బకెట్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి నీడలో ఒక రాత్రంతా నిలబెట్టండి. మీరు ఎగ్గొట్టిన మెట్టు ఇదేనని నా అనుమానం. ఎవరికైనా ఒక్క సలహా మాత్రమే చెప్పే వీలుంటే నేను చెప్పేది ఈ రాత్రి గురించే. చెక్క కాడల్ని సుత్తితో చితక్కొట్టమని పాతవాళ్లు చెబుతారు, నేనూ చాలాకాలం కొట్టాను. దానివల్ల కాడ ఎక్కువ తాగదు, నలిగిన చోట కుళ్లు మాత్రం త్వరగా పుడుతుంది. మందపు కాడైతే కొసను నిలువుగా అంగుళం చీల్చండి, చాలు. నూగు ఉన్న వెండి రంగు ఆకుల్ని మాత్రం నీళ్లలో ముంచకండి. నూగులో తడి చిక్కుకుని నల్లబడతాయి. వాటికి కాడ తడిస్తే చాలు.

నీళ్లలో పెట్టే ముందు ప్రతి కొమ్మనూ బయటే బాగా దులపండి. ఒకసారి ఈ పని మరిచిపోయాను. కట్టిన రీత్ హాల్లో పెట్టిన గంటకు చీమలు గోడ మీద బారు కట్టాయి. సాలీడైతే మూడో రోజు దాకా బయటికి రాలేదు, వచ్చింది మా అత్తగారి భుజం మీదకి.

ఎంత కోయాలన్నది చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చట్రం చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్లకు ఒక గుత్తి చొప్పున 19 గుత్తులు పడతాయి. గుత్తికి నాలుగైదు రెమ్మలు వేసుకుంటే మొత్తం 80 నుంచి 100. కట్టడం పూర్తయ్యాక రీత్ 45, 50 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది, కాబట్టి చిన్న తలుపుకు ఇంతకంటే పెద్ద చట్రం వద్దు. చిన్న పెరడైతే చట్రం మొత్తం కప్పాలని పట్టుబట్టకండి. తీగ చట్రం మీద నెలవంక ఆకారంలో మూడో వంతు మాత్రమే కట్టి మిగతాది ఖాళీగా వదిలేస్తే 30 రెమ్మలతో పని అయిపోతుంది. నాకైతే నిండు రీత్ కంటే అదే అందంగా అనిపిస్తుంది.

కోసేటప్పుడు చెట్టునూ చూసుకోవాలి. ఒక మొక్క నుంచి ఎప్పుడూ నాలుగో వంతుకు మించి తీయను. వెనక వైపు, లోపలి వైపు, ఎలాగూ కత్తిరించాల్సిన చోట్ల నుంచి తీస్తాను. తూజా, సైప్రస్ లాంటివాటిని పచ్చటి భాగం వరకే కోయాలి. ఆకు లేని పాత చెక్క దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం చాలా అరుదు. మా తూజా కంచెలో నేను చేసిన ఒక కన్నం ఇప్పటికీ అలాగే ఉంది, దాని ముందు కుండీ పెట్టి దాచుకున్నాను. కొన్ని పూల పొదల్ని మొగ్గ తొడిగే ముందు కోస్తే కోసిన చోట ఆ ఏడాది పూలు పోయినట్టే.

ఫోమ్ సంగతి. తడి ఫోమ్ నీటిని పట్టి ఉంచేది నిజమే, పువ్వులున్న రీత్ రెండు మూడు రోజులు తాజాగా ఉండాలంటే అది పనిచేస్తుంది. కానీ బరువు, పైగా తలుపు మీద కారుతుంది. అది మట్టిలో కలవని ప్లాస్టిక్, నలిగితే సన్నటి పొడిగా మారి నీళ్లలో చేరుతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. ముదురాకుల రీత్‌కు దాని అవసరమే లేదు. తడి కావాలనుకుంటే వైరు చట్రం మీద నాచు గానీ కొబ్బరి పీచు గానీ తడిపి, గట్టిగా పిండి, రెండు వేళ్ల మందాన పరిచి దారంతో చుట్టండి. రెమ్మల కొసలు ఆ తడిలోకి గుచ్చుకునేలా కట్టండి. వెనక వైపు ప్లాస్టిక్ షీటు ఒకటి పెట్టకపోతే తలుపు రంగు చెడుతుంది.

రోజువారీకి నాకు నచ్చేది తీగ చట్రం. పెన్సిల్ మందం, రెండు మూడు మీటర్ల పొడవున్న చెక్కబారిన తీగ ఏదైనా సరే. ద్రాక్ష తీగ శ్రేష్ఠం, రాధామనోహరం కూడా బాగానే వంగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే ఐదారు చుట్లు చుట్టి, కొసను మిగతా చుట్ల చుట్టూ మెలి తిప్పుతూ లోపలికి దూర్చేయాలి. రెండు వారాలు ఎండనివ్వండి. ఎండితే సన్నబడి వదులవుతుంది, అప్పుడు ఇంకో తీగ చుట్టి బిగించండి. ఎండకముందే ఆకులు కట్టేస్తే చట్రం వదులై మొత్తం వేలాడిపోతుంది.

కట్టడంలో మీ లోపం ఇక్కడుంది. మీరు ఒక్కో కొమ్మను విడిగా, దారంతో ముడి వేసి కట్టామన్నారు. పచ్చి కొమ్మ బరువులో సగానికి పైగా నీరే ఉంటుంది. ఆ నీరు పోయేకొద్దీ కాడ సన్నబడుతుంది, ముడి అంతే ఉంటుంది, కాడ జారిపోతుంది. అందుకే ముడులు వద్దు. 22 లేదా 24 గేజ్ సన్న వైరు 8 నుంచి 10 మీటర్లు ఒక పుల్లకు చుట్టుకోండి. మొదటి కొస చట్రానికి బిగించాక ఆఖరి గుత్తి దాకా వైరు తెంపే పని లేదు.

నాలుగైదు రెమ్మలు, ఒక్కోటి 12, 15 సెంటీమీటర్లు, విసనకర్రలా పరిచి ఒక గుత్తిగా పట్టుకోండి. చట్రం మీద పెట్టి, కాడల మీదుగా వైరును మూడు చుట్లు తిప్పి, ప్రతి చుట్టుకూ లాగండి. కాడ బెరడులోకి వైరు కాస్త దిగినట్టు కనిపించాలి. రెండో గుత్తిని మొదటిదాని కాడలు కప్పేలా కిందుగా పెట్టి మళ్లీ మూడు చుట్లు. ఒక గుత్తి కొంచెం లోపలికి, తర్వాతది నడుమకు, ఆ తర్వాతది బయటికి వాలేలా పెడుతూ పోతే లోపలి అంచూ బయటి అంచూ రెండూ మూసుకుంటాయి. ఒకే దిక్కుకు కట్టుకుంటూ చుట్టి రావాలి. ప్రతి నాలుగు గుత్తులకూ చట్రాన్ని నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. బల్ల మీద నిండుగా కనిపించినది నిలబెడితే బోసిగా ఉంటుంది. ఆఖరి గుత్తి దగ్గర చాలామంది తడబడతారు. మొదటి గుత్తి ఆకుల్ని ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని, దాని కిందికి ఆఖరి కాడల్ని దూర్చి చుట్టాలి. అతుకు సరిగ్గా రాకపోతే దిగులు పడకండి, ఆ చోటు కిందికి వచ్చేలా వేలాడదీసి రిబ్బన్ కట్టేయండి. రిబ్బన్లు పుట్టింది అందుకేనని నా నమ్మకం.

అలంకరణ మీ ఇష్టం. కాయలు, పైన్ కాయలు, ఎండు పూలు ఏవైనా ఆఖరున, విడి వైరుతో పెట్టుకోండి. వాడినప్పుడు వాటినే మార్చేయొచ్చు.

తలుపు మీద ఎండ పడుతుంటే, ముఖ్యంగా ముందు అద్దం తలుపు ఉండి మధ్యలో రీత్ ఇరుక్కుని ఉంటే, ఏ జాగ్రత్తా కాపాడదు. ఆ సందులో వేడి పేరుకుని ఆకు ఉడికిపోతుంది. నీడ, చల్లదనం, గాలి విసురు తక్కువగా ఉన్న చోటు చూడండి. బయట చల్లగా ఉంటే మూడు నాలుగు వారాలు, ఇంట్లో వెచ్చగా ఉంటే వారం నుంచి రెండు వారాలు. అంతకు మించి ఆశపడొద్దు. నీళ్లు చిలకరించడం ఆకు కంటే మన మనసుకే ఎక్కువ తృప్తినిస్తుంది. ఆకు పైనుంచి తాగేది చాలా కొద్ది. దాని బదులు వారానికోసారి రీత్‌ను దించి, వెడల్పాటి టబ్బులో రెండు గంటలు నానబెట్టి, నీరు కారిపోయాక మళ్లీ తగిలించండి. నాచు పరిచిన చట్రానికి ఇది బాగా పనిచేస్తుంది. హెయిర్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి, అది మంటను అందుకునే పదార్థం. ఎండిన సూదాకు కూడా భగ్గున అంటుకుంటుంది. కొవ్వొత్తుల దగ్గర, పొయ్యి దగ్గర రీత్ పెట్టొద్దు. వంచితే పుటుక్కున విరిగే స్థితికి వస్తే ఇంట్లోంచి తీసేయండి.

నెలల తరబడి కావాలంటే గ్లిజరిన్ దారి ఉంది. ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల వేడి నీళ్లు కలిపి, మాగ్నోలియా లేదా నీలగిరి లాంటి ముదురు కొమ్మల కాడలు 5 నుంచి 7 సెంటీమీటర్లు మునిగేలా రెండు మూడు వారాలు నిలబెట్టాలి. ఆకులు గోధుమ రంగుకు తిరుగుతాయి, కానీ తోలులా మెత్తగా ఉండిపోతాయి. పచ్చగా మాత్రం ఉండవు.

పెరటి ఆకులన్నీ చేతికి మంచివి కావు. గన్నేరు ఆకులు పరీక్షలో బ్రహ్మాండంగా పాసవుతాయి, అందుకే దాని పేరు ముందే చెబుతున్నాను. మొక్క మొత్తం విషం, కాల్చితే వచ్చే పొగ కూడా ప్రమాదమే. గురివింద గింజలు ఎరుపూ నలుపూ కలిసి అలంకరణకే పుట్టినట్టుంటాయి, కానీ పిల్లలు నమిలితే ప్రాణం మీదకి వస్తుంది. యూ చెట్టు, మిసల్‌టో, హాలీ పండ్లు కూడా పిల్లలకు, పెంపుడు జంతువులకు అందే ఎత్తులో వద్దు. తెల్లటి పాలు కారే కొమ్మ ఏదైనా గ్లౌజులు లేకుండా కోయకండి. ఆ చేత్తో కన్ను నలుపుకుని ఒక రోజంతా కళ్లు తెరవలేకపోయాను నేను.

వాడిపోయిన రీత్‌ను అలాగే చెత్తలో పారేయకండి. వైరు ఒక్కటే ముక్క కాబట్టి ఆఖరి కొస పట్టుకుని వెనక్కి తిప్పుకుంటూ వస్తే ఐదు నిమిషాల్లో అంతా ఊడిపోతుంది. ఆకులు కంపోస్టులోకి. మచ్చలు, పొలుసు పురుగులు కనిపించినవి మాత్రం సంచిలో మూటకట్టి చెత్తబండికి వేయండి. వైరు మళ్లీ పుల్లకు చుట్టుకోవచ్చు. తీగ చట్రం పొడిగా దాచుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది. మళ్లీ వాడే ముందు నేల మీద ఒకసారి తట్టి చూడండి. సన్నటి పొడి రాలితే పుచ్చు పట్టినట్టే. దాన్ని వదిలేసి కొత్త తీగ చుట్టుకోండి.